సిస్టరు గారి ఆయన

ఆయన పోయాడన్న కబురు నాకు మందుల ట్రాలీ దగ్గర నిలబడి ఉండగా తెలిసింది. అక్క ఫోన్ చేసి ఏడవలేదు. "మీ బావగారు లేరే" అని ఒక్క మాట అని పెట్టేసింది. జెద్దాలో మేం పనిచేసే ఆసుపత్రిలో ఆమెది పైన పిల్లల వార్డు, నాది కింద సర్జికల్ వార్డు. మెట్లెక్కి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆమె ఒక పసిబిడ్డ చేతికి సెలైన్ సూది సరిచేస్తోంది. బిడ్డ తల్లి అరబ్బీలో గోల పెడుతుంటే తలూపుతోంది. ఆ పని కానిచ్చి, గ్లవ్స్ తీసి బుట్టలో పడేసి, చేతులు కడుక్కుని, అప్పుడు వచ్చి నా మీద పడి ఏడ్చింది. నర్సు బతుకంతే. ఏడవాలన్నా రిలీవర్ రావాలి.

అక్క నాకు తోడబుట్టినది కాదు. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు, వాళ్ళది బందరు. ఒకే కాలేజీలో నర్సింగ్ చదివాం, ఆమె నాకు సీనియర్. నేను జెద్దాలో దిగిన రోజున హాస్టలుకి పప్పూ అన్నం కట్టుకొచ్చి పెట్టిన మనిషి. ఆమె అక్కయ్యాక ఆయన బావగారు కాక ఏమవుతాడు? ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా జెద్దాలో ఎవరికీ తెలియదు. తెలుగు నర్సులందరికీ ఆయన సిస్టరు గారి ఆయన. మనవాళ్ళంతా ఇక్కడికి మొగుడు ముందొచ్చి, పెళ్ళాన్ని వెనకాల తెచ్చుకుంటారు. వీళ్ళింట్లో అక్క ఉద్యోగానికొస్తే ఆమె వెంట ఆయన వచ్చాడు. ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా అంటారు, ఆయనదాని మీద మురాఫిక్ అని ఉండేది. తోడు వచ్చినవాడని అర్థం. పనిచేయడానికి వీల్లేదని కూడా దానిమీదే ఉంటుంది.

"సౌదీకి ఇల్లరికం వచ్చానమ్మాయ్" అనేవాడు ఆయన, ఎవరైనా అడక్కముందే. అడిగాక చెప్పుకోవడం కంటే అడక్కముందే నవ్వించేయడం సుఖమని కనిపెట్టిన మనిషి. పెళ్ళాన్ని అందరిముందూ సిస్టరు గారూ అని పిలిచేవాడు. కొత్తగా వచ్చిన పిల్లలు బిత్తరపోయేవాళ్ళు. అక్కకి మండిపోయేది. "మీకు సిగ్గులేదా అండీ" అంటే, "నలుగురూ పిలిచే పేరే కదా, నేనొక్కణ్ణీ వేరేగా పిలిస్తే నువ్వు పలకవేమోనని" అనేవాడు.

వాళ్ళ కాపురం బాగ్దాదియాలో ఒక పాత భవనంలో ఉండేది. చర్చి లేని దేశం కాబట్టి శుక్రవారం ప్రార్థన ఎవరింట్లోనో గుట్టుగా, తలుపులేసుకుని, పాట గొంతు దాటకుండా ముగించుకుని మేమంతా ఆయన వంటకి ఎగబడేవాళ్ళం. రొయ్యలూ చింతచిగురూ కలిపి వండితే ప్లేటు నాకేవాళ్ళం. చింతచిగురు ఇక్కడెక్కడిదని అడిగితే చెప్పేవాడు కాదు. ఆయన ఇస్త్రీ చేసిన సగంచేతుల చొక్కా వేసుకుని, వడ్డించేటప్పుడు కూడా టక్ చేసుకునే ఉండేవాడు. పొద్దున్న లేస్తే ఉద్యోగానికి వెళ్ళేవాడిలాగే తయారయ్యేవాడు. అక్కని ఆసుపత్రి బస్సెక్కించి, పిల్లలిద్దరినీ స్కూలు వ్యానెక్కించి, తలుపు తాళం వేసి, నడకకి బయల్దేరేవాడు.

నడక మొదట్నించీ లేదు. మొదట్లో షరఫియాలో ఒక దర్జీ కొట్లో కూర్చునేవాడు. ఆ దర్జీది జగిత్యాల వైపు, మా నర్సుల జాకెట్లన్నీ అతనే కుట్టేవాడు. మధ్యాహ్నాలు ఆయన అక్కడ ఒక స్టూలు మీద కూర్చుని హుక్సు కుట్టిపెట్టడం, దారాలు కత్తిరించడం, కబుర్లు చెప్పడం. అంతకుమించి ఏం లేదు. ఆ తర్వాత నితాఖత్ అన్నారు. కంపెనీలకి రంగులు వేశారు. సౌదీవాళ్ళకి చాలినన్ని ఉద్యోగాలిచ్చిన కంపెనీ పచ్చ, ఇవ్వనిది ఎరుపు. వీసా ఇచ్చిన కఫీలు దగ్గర తప్ప ఇంకెక్కడ పనిచేస్తూ కనబడినా పట్టుకుని పంపించేస్తామన్నారు. షరఫియా అంతా సగం షట్టర్లు దించుకుని బిక్కుబిక్కుమంటూ ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం తనిఖీవాళ్ళు పక్క కొట్టుదాకా వచ్చారు. ఈయన చేతిలో ఎవరిదో జాకెట్టు, నోట్లో దారం ముక్క. దర్జీ ఆయన్ని అమాంతం లాగి కొలతలు చూసే తెర వెనక్కి తోసేశాడు. అక్కడ వేలాడుతున్న అబాయాల మధ్య ఈయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. వాళ్ళు వచ్చి, చూసి, దర్జీ ఇకామా అడిగి వెళ్ళిపోయారు. ఇదంతా ఆయన మాకు తర్వాత నవ్వుతూ, అభినయించి చూపించాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వాం. అక్క మాత్రం నవ్వలేదు. మురాఫిక్ పనిలో దొరికితే తెచ్చినవాళ్ళ ఉద్యోగం కూడా పోతుందని అప్పట్లో అందరూ చెప్పుకునేవాళ్ళు. నిజమో అబద్ధమో ఎవరికి తెలుసు? ఆ వారమే దర్జీ ఆయన చేతులు పట్టుకున్నాడట.

"అన్నా, నువ్వు రాకుంటె నాకు పొద్దు గడ్వదు. గని లోపటికి రాకు. నువ్వు దొరికితె నేను గూడ పోత. ఇంటికాడ నా పిల్లలు ఆగమైతరు."

ఆయన మళ్ళీ ఆ కొట్లో అడుగు పెట్టలేదు. అలాగని వెళ్ళడం మానలేదు. గడప బయట, ఎండలో, నిలబడి మాట్లాడేవాడు. లోపల దర్జీ మిషను తొక్కుతూ బదులిచ్చేవాడు. టీ బయటికే వచ్చేది. నేను ఒకసారి జాకెట్లకి వెళ్ళి ఈ బాగోతం చూసి, ఏమిటిది బావగారూ, ఆ స్టూలు మీద కూర్చుంటే ఎవరేమన్నారు, తనిఖీలు ఎప్పుడో అయిపోయాయి కదా అన్నాను. ఆయన గడప వైపు చూసి, "అలవాటైపోయిందమ్మాయ్" అన్నాడు. ఆయన ఆ కొట్లోనే కాదు, ఏ కొట్లోనూ కూర్చోడు. మందుల షాపులో కూడా కౌంటరుకి బారెడు దూరంలో నిలబడేవాడు, తనని ఎవరూ అమ్మేవాడనుకోకుండా.

చేతిలో సంచి సంగతి అప్పుడే మొదలైంది. జెద్దాలో నడిచేవాడు రెండు రకాలని ఆయనే చెప్పేవాడు. కారు చెడిపోయినవాడొకడు, కఫీలు దగ్గర్నించి పారిపోయినవాడొకడు. వాళ్ళు కాక ఎవడూ ఈ ఊళ్ళో నడవడు. కాబట్టి నడిచేవాణ్ణి పోలీసు ఆపుతాడు. అందుకని ఆయన ఎప్పుడు బయటికెళ్ళినా ఒక ప్లాస్టిక్ సంచిలో నాలుగు ఉల్లిపాయలూ ఒక రొట్టె పొట్లమూ పెట్టుకునేవాడు. ఉల్లిపాయలు పట్టుకున్నవాడు ఇంటి మనిషి, వట్టిచేతులవాడు పనివాడు. అదీ ఆయన సిద్ధాంతం. ఎన్నిసార్లు ఆపారో తెలియదు కానీ ఉల్లిపాయలు చూసి వదిలేసేవారట. "ఎక్కడికి అంటాడు. బేత్, ఇల్లు, అంటాను. పాపం వాడికీ ఇల్లుంటుంది కదా" అనేవాడు. ఉల్లిపాయలు ఎండి డొల్లలయ్యేదాకా అవే మోసేవాడు. మొలకలొస్తే అప్పుడు మార్చేవాడు. అక్క ఆ మొలకల ఉల్లిపాయలు కూరలో చూసి ఎన్నిసార్లు తిట్టిందో.

ఆయన నడిచేది బలద్‌లో. జెద్దా పాత ఊరది. సముద్రంలోంచి తెచ్చిన రాతితో కట్టిన మేడలు, వాటికి చెక్క జాలీల కిటికీలు వీధి మీదికి పొడుచుకొచ్చి ఉంటాయి. సగం మేడలు పక్కకి ఒరిగి, దుంగలు ఆసరా పెడితే నిలబడి ఉంటాయి. మేం నర్సులం ఎప్పుడైనా షాపింగుకి అటు వెళ్ళినా మెయిన్ రోడ్డు దాటి సందుల్లోకి పోలేదు. ఆయన సందుసందూ తిరిగాడు. వచ్చి అన్నం వడ్డిస్తూ చెప్పేవాడు, ఇవాళ ఒక తలుపు చూశానని. తలుపు గురించి ఏం చెబుతాడు మనిషి? ఆయన చెప్పేవాడు. అన్నం చల్లారిపోయేది.

ఎవరైనా త్వరగా కానివ్వండి బావగారూ అంటే, "తొందరేముంది, మనకేం డ్యూటీ ఉందా" అనేవాడు. ఈ మాట ఆయన నోట్లో ఎప్పుడూ ఉండేది. మొదట్లో నవ్వులాటకే అనేవాడు. పోనుపోను ఆ నవ్వు తగ్గుతూ వచ్చింది. మాట మాత్రం మిగిలింది. నేను గమనించాను కానీ ఏమనగలను? ఇంజనీరింగ్ డిప్లొమా చదివిన మనిషి, బందర్లో చిన్నదో పెద్దదో ఉద్యోగం ఉన్న మనిషి, పెళ్ళానికి వీసా వచ్చిందని మానుకుని వచ్చాడు. ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తి ఎరగడు.

బందరు గురించి మాత్రం ఎత్తేవాడు. "బందరువాణ్ణి పాత ఊరికి తీసుకురాకూడదమ్మాయ్, ఇంటికొచ్చినట్టుంటుంది. ఓడలు పోయాక మిగిలిన ఊరే కదా ఇదీ" అనేవాడు. బందర్లో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. చిన్నప్పుడు వాటిమీద కూర్చుని మామిడికాయ తినేవాళ్ళట. "వాళ్ళూ రెండేళ్ళు పనిచేసుకుని ఇంటికి పోదామనే వచ్చుంటారు" అని ఒకసారి అన్నాడు. ఆ రోజు టేబుల్ చుట్టూ ఉన్న అందరం రెండేళ్ళకనే వచ్చినవాళ్ళం.

తర్వాత లెవీ వచ్చింది. వెంట తెచ్చుకున్నవాళ్ళకి తలకి ఇంతని నెలనెలా కట్టాలి, ఏటేటా అది పెరుగుతుంది. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. రంజాన్‌కి తీసేస్తారట అన్నారు. హజ్ అయ్యాక తీసేస్తారట అన్నారు. షరఫియాలో ప్రతి టీ కొట్టు దగ్గరా ఒక అట. ఈలోగా కార్గో ఆఫీసుల ముందు అట్టపెట్టెలు గుట్టలు పడ్డాయి. భవనాల కింద సోఫాలూ మంచాలూ ఊరికే పడేసి పోయారు జనం. స్కూల్లో సెక్షన్లు కలిపేశారు. "తలకింత అంటున్నారే, నా తలకి ఒక రేటుందని ఇన్నాళ్ళూ తెలీదు" అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. కొన్నాళ్ళు కట్టారు. ఇక మోయలేమని తెలిశాక, నేనూ పిల్లలూ పోతామని ఆయనే అన్నాడు, అక్క నోటితో ఆ మాట అనిపించకుండా.

ఆయన దిగులు వెళ్ళిపోవడం గురించి కాదు. అక్క గురించి. ఫ్లాటు ఖాళీ చేసి ఆమె మా హాస్టల్లో చేరాలి. హాస్టల్, బస్సు, వార్డు, మళ్ళీ బస్సు. అంతకుముందు ఒక నర్సు అలాగే ఆఫ్ రోజుల్లో తెర లాక్కుని పడుకుని పడుకుని, చివరికి తెర తీయడం మానేసింది. ఆమెను వీల్‌చెయిర్లో విమానం ఎక్కించి పంపించాం. ఆ సంగతి ఆయనకి తెలుసు. నన్ను ఒకరోజు వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మీ అక్కకి డ్యూటీ తప్ప వెళ్ళడానికి ఒక చోటు లేదమ్మాయ్. పిల్లలూ నేనూ ఉన్నాం కాబట్టి ఇంటికొచ్చేది. రేపట్నించి ఏ ఇంటికొస్తుంది? నా దగ్గర ఇచ్చేందుకు ఏమీ లేదు. ఈ నడక ఒక్కటుంది. అదొకటి నేర్పి పోతాను."

టికెట్లు కొన్నాక ఒక శుక్రవారం పొద్దున్న బయల్దేరదీశాడు. చలికాలం, గాలి బాగుంది. పిల్లల్ని పక్కింట్లో వదిలి, అక్కనీ నన్నూ వెంటబెట్టుకుని నడిపించాడు. అక్క వరసగా నైట్ డ్యూటీలు చేసి ఉంది, కాళ్ళు వాచి ఉన్నాయి. ఒద్దంటే ఆయన వినలేదు. అఫ్ఘానీవాళ్ళ రొట్టె కొట్టు దగ్గర ఆగి చాటంత తమీస్ రొట్టె కొని, ఉడికించిన చిక్కుడుగింజల ఫూల్‌తో ఫుట్‌పాత్ మీదే తినిపించాడు. "రెస్టారెంట్లో కూర్చుందామండీ" అని అక్క. "నడవడానికొచ్చాం, కూర్చోడానికి కాదు" అని ఆయన.

ఆయన నడక ఎలా ఉండేదంటే, పెళ్ళిచూపులకి వెళ్ళినవాడి నడక. చేతులు వెనక్కి, ఆ చేతుల్లో సంచి, మెడ పైకెత్తి కిటికీల వంక చూస్తూ. ప్రతి మలుపు దగ్గరా ఆగి గుర్తు చెప్పేవాడు. ఇదిగో ఈ పచ్చ తలుపు, ఇక్కడ ఎడమకి. ఇదిగో అత్తరు అమ్మే యెమెనీ ముసలాయన, ఈయనకి సలాం చెప్పు, దారి తప్పితే ఈయన్ని అడుగు. ఇదిగో పడిపోయేలా ఉందే ఆ మేడ, దాని కింద నడవకు, ఎదురుగా నడువు. అక్క ఊఁ అనేది. కార్గోవాడు పెట్టెల తూకం గురించి ఒకటే మెసేజులు, ఆమె ఫోన్లో తల పెట్టి ఉంది. మధ్యలో నేనూ ఆమె మేట్రన్ గురించి, మారిన డ్యూటీ లిస్టు గురించి మాట్లాడుకుంటున్నాం. సందుల్లో పిల్లులు కాళ్ళకి అడ్డం పడుతున్నాయి. ఆయన వాటికి రొట్టె తుంచి వేస్తూ, ఇవి కావు, మన పిల్లులు ముందున్నాయి అన్నాడు. చెట్టున్న ఇంటి వెనక సందులో ఆయనకి ఒక పిల్లుల మంద ఉందట. ఒకదానికి వాళ్ళ మేనత్త పేరు పెట్టానన్నాడు, అచ్చం అలాగే మూతి తిప్పుతుందని.

చెట్టున్న ఇల్లంటే బలద్‌లో అందరికీ తెలిసిన పెద్ద మేడ. దాని ముందు ఒక వేపచెట్టు. మన వేపచెట్టే. ఆయన దాన్ని సొంత చెట్టులా చూపించి, ఆకు కోసి ఇద్దరికీ చెరొకటి ఇచ్చాడు. అప్పుడు అక్క అక్కడి మెట్టు మీద కూలబడి చెప్పులు విప్పింది. మడమల దగ్గర చర్మం లేచిపోయి ఉంది.

"ఇంక నా వల్ల కాదండీ" అంది.

కాసేపు కూర్చుందాం, తొందరేముంది అన్నాడు. ఇంకా సగం ఊరు ఉందని, వెనక సందు చూపిస్తే అయిపోతుందని అన్నాడు. వచ్చే శుక్రవారం నువ్వు ఒక్కదానివీ రావాలి కదా, దారి గుర్తు పెట్టుకో అన్నాడు. అక్క ఆయన వంక చూసింది. ఆమె మొహంలో కోపం లేదు, కోపానిక్కూడా ఓపిక లేదు.

"నాకెందుకండీ ఈ దారులు? ఈ ఊరు మీది. మీరున్నారు ఈ ఊళ్ళో, ఇన్నేళ్ళూ. నేను ఊళ్ళో లేను, ఆసుపత్రిలో ఉన్నాను. మీరెళ్ళాక కూడా అక్కడే ఉంటాను. నన్ను పడుకోనివ్వండి చాలు."

ఆయన చేతిలో వేపాకు చిన్న చిన్న ముక్కలుగా తుంచాడు. ఎప్పుడూ టాక్సీ ఎక్కని మనిషి రోడ్డుదాకా పోయి టాక్సీ ఆపాడు. ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో సంచి పెట్టుకుని, ఇంటిదాకా అద్దంలోంచి బయటికే చూశాడు. ఆ తర్వాత ఆయన విమానం ఎక్కేదాకా బలద్ ఊసెత్తలేదు. ఎయిర్‌పోర్టులో పిల్లలు అక్కని పట్టుకుని ఏడుస్తుంటే ట్రాలీ పట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

అక్క హాస్టల్లో నా గదిలోనే చేరింది. మంచానికీ మంచానికీ మధ్య తెర. మొదటి ఆఫ్ రోజున మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. ఫోన్లో పెద్దగా మాట్లాడే మనిషి, తెరవతల నాకు అన్నీ వినబడతాయి. ఎక్కడికైనా వెళ్ళావా అని అడిగాడు. నేను కూడా చెవులు రిక్కించాను. పొద్దున్నించీ మంచం దిగని మనిషి, జుట్టు కూడా దువ్వుకోని మనిషి, "చెట్టున్న ఇంటిదాకా వెళ్ళానండీ" అంది.

ఆయన గొంతు ఎలా వెలిగిపోయిందో చెప్పలేను. అటు కుడికి తిరిగావా, వెనక సందులోకెళ్ళావా, పిల్లులున్నాయా అని వరస పెట్టి అడిగాడు. ఉన్నాయండీ అంది. మేనత్త ఉందా అంటే, ఉంది, మూతి తిప్పుతోంది అంది. ఇద్దరూ నవ్వారు. ఫోన్ పెట్టేశాక ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఎందుకక్కా అబద్ధం అన్నాను. "ఆయన మొహం అక్కడెలా ఉంటోందో నువ్వు వీడియోలో చూడలేదు. ఆ కాస్త నవ్వూ ఉండనీవే" అంది.

చూశాను నేనూ. బందర్లో ఆయన నడక మానేశాడు. నాతోనే ఒకసారి చెప్పాడు. "అక్కడ పోలీసులకి భయపడి సంచి పట్టుకు తిరిగానమ్మాయ్. ఇక్కడ సంచి పట్టుకున్నా ఊరుకోరు. ఏం చేస్తున్నారండీ, మళ్ళీ ఎప్పుడెళతారండీ అని అడుగుతారు. ఇద్దరు ముగ్గురికి చెప్పొచ్చు, ఊరంతటికీ ఏం చెప్పను?" ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు కదా, అలా ఉండేవట పలకరింపులు. పిల్లల్ని స్కూలుకి దింపి వచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చునేవాడు. ఇస్త్రీ చొక్కా కూడా మానేశాడు.

ప్రతి ఆఫ్ రోజునా ఫోన్. ప్రతిసారీ అదే దారి. పచ్చ తలుపు, అత్తరు ముసలాయన, వేపచెట్టు, వెనక సందు, పిల్లులు. రోజులు గడిచేకొద్దీ అక్క అబద్ధాలకి కాళ్ళొచ్చాయి. మేనత్తకి పిల్లలు పుట్టాయంది. ఒకటి గోధుమరంగుదంది. ఆయన దానికి పేరు పెట్టాడు. వానొచ్చిన రోజున సందంతా బురదండీ అంది. జాగ్రత్తగా నడువు అన్నాడు. తెరవతల పడుకుని నేను విని విని, ఆ సందు నేనే రోజూ చూస్తున్నట్టు అయిపోయింది నాకు. అక్క మాత్రం నిజంగా డ్యూటీకి తప్ప ఒక్కసారి కూడా హాస్టల్ గేటు దాటలేదు. దా అక్కా, ఇవాళైనా వెళదాం అంటే రేపు అనేది.

ఆయనకి నొప్పి పొద్దున్నే వచ్చిందట. గ్యాసనుకుని వాము నమిలి ఆ కుర్చీలోనే కూర్చున్నాడట. ఇద్దరు నర్సులున్నాం ఆయనకి, భార్యా మరదలూ. ఒక్క ఫోన్ చేసి ఉంటే మాటలోనే పోల్చేవాళ్ళం. డ్యూటీలో ఉంటారని చేయలేదట. ఆ సమయానికి మా ఆసుపత్రి ఎరుపులో ఉంది, ఎవరి ఇకామాలూ రెన్యూ కావడం లేదు. ఇకామా లేనిదే వెళ్ళి రావడానికి వీసా లేదు. అక్క ఆఫీసులో ఎవరి కాళ్ళు పట్టుకోవాలో వాళ్ళందరి కాళ్ళూ పట్టుకుంది. బుక్రా అన్నారు, రేపని. మూడోనాటికి అక్కడ సమాధి కార్యక్రమం అయిపోయింది. పెద్దపిల్ల ఫోన్ పట్టుకుని చూపిస్తే చూసింది.

కొన్ని వారాలకి దర్జీ పలకరించడానికి వచ్చాడు. మగవాళ్ళని హాస్టల్లోకి రానివ్వరు, గేటు బయటే నిలబడి ఏడ్చాడు. అక్క అతన్ని ఒక్కటే అడిగింది. తమ్ముడూ, మీ అన్న తిరిగిన చోటు నాకు చూపించు అని. అతనికీ కొట్టు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి, ఇక తిరిగి రాకుండా పోయే ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఉన్నాడు. ఆ శుక్రవారమే తీసుకెళ్ళాడు. మాకిద్దరికీ ఏ మలుపూ గుర్తులేదు. పచ్చ తలుపు ఎక్కడో అతనే చూపించాడు. అత్తరు ముసలాయన కొట్టు మూసి ఉంది. వేపచెట్టు ఉంది. అక్క దాని దగ్గర ఆగలేదు. కుడికి తిరిగి, వెనక సందు ఎటని తనే ముందు నడిచింది.

అక్కడ సందు లేదు. ఆ చివర్నించి ఈ చివరిదాకా రేకులు అడ్డం కొట్టి ఉన్నాయి. రేకుల మీద సున్నం చిట్లి, దుమ్ము పట్టి, వానకి చారలు కట్టి ఉంది. రేకుల మధ్య ఖాళీలోంచి చూస్తే లోపల కూలిన రాళ్ళ గుట్టలు, వాటిమీద మొలిచిన గడ్డి. పాత మేడలు బాగుచేస్తామని మూసేశారు, ఎవరూ లోపలికి పోకుండా.

"ఇది బందువెట్టి చాన దినాలాయె అక్కా" అన్నాడు దర్జీ. "అన్న ఇండియాకు పోయిన నెలల్నే మూసిండ్రు. పిల్లులన్ని ఎటు వోయినయొ ఏమొ. అప్పుడే ఫోన్ల చెప్పిన అన్నకు. మస్తు బాధవడ్డడు."

ఆయనకి తెలుసు. అంటే ఆ వానరోజు బురదలో జాగ్రత్తగా నడవమన్నప్పుడు తెలుసు. గోధుమరంగు పిల్లికి పేరు పెట్టినప్పుడు తెలుసు. ప్రతి ఆఫ్ రోజునా ఆమె మంచం మీదే ఉందని, తెర లాక్కునే ఉందని తెలిసి, అడిగాడు.  అక్క రెండు చేతులూ ఆ రేకుల మీద ఆనించి నిలబడింది. ఎంతసేపటికీ కదలలేదు. దర్జీ భయపడి నా వంక చూశాడు.

"మొన్న, పోయే ముందు వారం కూడా అడిగారే" అంది. "పిల్లులెలా ఉన్నాయి సిస్టరు గారూ అని. బాగున్నాయనే చెప్పాను."